రెండు కొమ్ములతో కుహ్మోకి

మొదటి రోజు

స్కానర్ దగ్గరి కుర్రాడు తెర వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ తెర వంక చూశాడు. పెట్టెలో చుట్టలు చుట్టలుగా ఇత్తడి గొట్టాలు. సంచీలో విడిగా ఇంకో నాలుగు చుట్టలు. "ప్లంబింగ్ పనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ సంచీ మొత్తం విప్పించాడు. ఒక్కో చుట్టా బయటికి తీసి, ఒక్కోటి ఒక్కో శ్రుతికి, ఇది ఇ-ఫ్లాట్, ఇది ఎఫ్, ఇది డి అని చెబుతుంటే, వెనక వరసలో వాళ్లు నన్ను తిట్టుకోవడం వీపుకి తెలుస్తూనే ఉంది.

నేను జర్మనీలో ఒక చిన్న ఊరి ఆర్కెస్ట్రాలో సెకండ్ హార్న్. హార్న్ అంటే ఫ్రెంచ్ హార్న్. సికింద్రాబాద్‌లో మా బంధువుల్లో సగంమందికి ఇప్పటికీ ఇది లారీ హారనే. పెళ్లిళ్లలో కనబడితే చాలు, "ఏదమ్మా, సౌండ్ హారన్ ప్లీజ్!" అంటాడు మా చిన్న బాబాయి. సరిగ్గా అర్థం చేసుకున్నది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడది మెదక్ వైపు పల్లె. జాతరల్లో వంపు తిరిగిన ఇత్తడి కొమ్ము ఊదేవాళ్లని చూస్తూ పెరిగిన మనిషి. స్కూల్ బ్యాండ్‌లో నాకిచ్చిన పాత హార్న్ ఇంటికి తెస్తే తిప్పి తిప్పి చూసి, "కొమ్మే కదే, కాకపోతే మడత పెట్టారు" అంది. ఈ వాయిద్యం గురించి ఇంతకన్నా కచ్చితమైన మాట నేను తర్వాత ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఈసారి ప్రయాణం ఫిన్లాండ్‌లోని కుహ్మోకి. రష్యా సరిహద్దుకి దగ్గరగా, అడవుల్లో సరస్సుల్లో ఉన్న ఊరు. జనాభా ఎనిమిది వేల లోపు. 1970లో సెప్పో కిమానెన్ అనే కుర్ర చెల్లో వాద్యకారుడు ఇక్కడ చాంబర్ మ్యూజిక్ ఉత్సవం పెడతానంటే నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. అదిప్పుడు ప్రతి జులైలో రెండు వారాలు, పొద్దుట్నుంచి అర్ధరాత్రి దాకా రోజుకి ఐదారు కచేరీలతో నడుస్తోంది. చాంబర్ మ్యూజిక్ అంటే కండక్టర్ ఉండడు. ముగ్గురో ఐదుగురో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించుకోవడమే. మన కచేరీలో మృదంగం, వయొలిన్ చూసుకున్నట్టు.

నాకు వచ్చినవి మూడు: మోజార్ట్ క్వింటెట్, బ్రామ్స్ ట్రియో, లిగెటి ట్రియో. క్వింటెట్ అంటే ఐదుగురు వాయించేది, ట్రియో అంటే ముగ్గురు. రావాల్సిన హార్న్ వాద్యకారుడు రాలేకపోతున్నాడని మూడు వారాల ముందు ఫోన్ వచ్చింది. సెకండ్ హార్న్ బతుకు కింది స్వరాల బతుకు. పైన ఫస్ట్ హార్న్ పేరు తెచ్చుకుంటుంటే కింద మేం గోడలు మోస్తుంటాం. అలాంటిది మూడూ నేనే, ముందువరసలో కూర్చుని! సరేనని ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటగదిలో నిలబడే ఉన్నాను.

హెల్సింకి నుంచి కయానీకి రైల్లో ఆరు గంటల పైనే. కిటికీలో అడవి, సరస్సు, అడవి, సరస్సు. మొదటి గంట అబ్బురంగా ఉంటుంది, మూడో గంటకి నిద్ర వస్తుంది. కయానీలో దిగి, నది మధ్య శిథిలమైన కోటని వంతెన మీంచి చూసి, బస్సెక్కి ఇంకో వంద కిలోమీటర్లు.

బస ఒక పెద్దావిడ ఇంట్లో. ఆవిడకి ఇంగ్లీషు కొంచెం, నాకు ఫిన్నిష్ సున్నా. రాత్రి భోజనం బల్ల మీద తెల్లటి గ్లాసు పెట్టింది. పాలనుకుని తాగితే మజ్జిగ! పీమా అంటారట. చిక్కగా, పుల్లగా, అచ్చం మజ్జిగే. అన్నం ఉందా అని అడిగి, అందులో పోసి, ఉప్పేసి కలిపి తినేశాను. పెద్దావిడ ముఖంలో కనబడిన భావానికి ఏ భాషలోనూ మాట అక్కర్లేదు. అమ్మకి ఫోన్ చేసి చెబితే, "హమ్మయ్య, మజ్జిగ దొరికిందిగా, ఇంక నాకు బెంగ లేదు" అంది. ఊరు ఎక్కడుందో కూడా అడగలేదు.

రాత్రి పదకొండు ప్రాంతంలో సూర్యుడు దిగాడు. చీకటి మాత్రం పడలేదు. కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్నాను.

రెండో రోజు

రిహార్సల్ కొంటియో బడిలో. ఉత్సవం రోజుల్లో ఊళ్లోని బళ్లు కూడా సంగీతానికే. పిల్లలు అంటించిన బొమ్మల కింద, పొట్టి కుర్చీల మధ్య, బ్రామ్స్ మొదలుపెట్టాం. వయొలిన్ బుడాపెస్ట్ ఆయన, యాభై దాటినవాడు. పియానో ఫిన్లాండ్ అమ్మాయి, ముప్పై లోపు. ఇద్దరితోనూ నాకు ఇదే మొదటిసారి.

ఇక్కడ రెండు కొమ్ముల సంగతి చెప్పాలి. ఒకటి ఇప్పటి డబుల్ హార్న్, వాల్వులున్నది. మీట నొక్కితే వాల్వు గొట్టం పొడవు మారుస్తుంది. రెండోది పాత తరహా నేచురల్ హార్న్. దానికి మీటలూ లేవు, వాల్వులూ లేవు. ఒట్టి గొట్టం. ఇ-ఫ్లాట్ చుట్ట తగిలించి మొత్తం సాగదీస్తే పద్నాలుగు అడుగుల దాకా ఉంటుంది. పెదవి బిగిస్తే పైకి, వదిలితే కిందికి వెళుతుంది గానీ గొట్టం తనకిష్టమైన మెట్ల మీదే నిలబడుతుంది. షడ్జం, పై షడ్జం, పంచమం, షడ్జం, అంతర గాంధారం, పంచమం. ఇంతవరకూ బుద్ధిగానే ఉంటుంది. ఏడోది నిషాదం, మన కైశికి నిషాదం కంటే చెవికి తెలిసేంత కిందికి. పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ సరిగ్గా నడుమ, ఎవరి ఇంటికీ చెందకుండా. పైగా ఎనిమిదో మెట్టు దాటాక అన్నీ పక్కపక్కనే. పెదవి వెంట్రుకవాసి అటైతే పక్క స్వరం పలుకుతుంది. హార్న్ వాళ్లు తప్పులు ఎక్కువ చేస్తారన్న అపకీర్తి వెనకున్నది ఇదీ.

మరి మిగతా స్వరాలో? వాటికి కుడిచెయ్యి. కొమ్ము వెడల్పాటి మూతిలో అరచెయ్యి పెట్టి కొంచెం మూస్తే స్వరం దిగుతుంది, పూర్తిగా మూస్తే గరగరమంటూ ఇంకోటి వస్తుంది. 18వ శతాబ్దం నడుమ డ్రెస్డెన్‌లో హాంపెల్ అనే ఆయన దీన్ని ఒక పద్ధతిగా తీర్చాడని చెబుతారు. చెయ్యి తెరిచి ఊదిన స్వరం ఎండలో ఉన్నట్టు, మూసినది నీడలో ఉన్నట్టు ఉంటుంది. ఒకే పాటలో ఎండా నీడా మారుతూ పోతాయి. ఆ మార్పులు లేకుండా అన్ని స్వరాలూ ఒకేలా పలకాలనే కదా తర్వాత వాల్వులు కనిపెట్టారు. ష్టోల్ట్‌సెల్, బ్ల్యూమెల్ అనే ఇద్దరు 1818లో పేటెంటు కూడా తీసుకున్నారు.

బ్రామ్స్ తన ట్రియో రాసింది 1865లో. అంటే వాల్వులొచ్చి దాదాపు యాభై ఏళ్లు. అయినా ఆయన పట్టుబట్టి పాత కొమ్ముకే రాశాడు. ఆయన తండ్రి హార్న్ వాయించేవాడు, చిన్నప్పుడు ఆయనా నేర్చుకున్నాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో తల్లి పోయింది. వేసవిలో బాడెన్-బాడెన్ పక్కన లిష్టెంటాల్‌లో కూర్చుని ఇది రాశాడు. మూడో భాగం అడాజియో మెస్తో, అంటే దిగులుతో మెల్లగా. ఇ-ఫ్లాట్ మైనర్. ఇ-ఫ్లాట్ కొమ్ము మీద అంతర గాంధారం అడక్కుండానే వస్తుంది, కానీ మైనర్‌కి కావలసిన సాధారణ గాంధారం గొట్టంలో లేదు. చేత్తో మూసి లాగాలి. దిగులు పలకాల్సిన ప్రతిచోటా గొంతు దానంతటదే బిగుసుకుంటుంది. వాల్వు కొమ్ము మీద ఇదే స్వరాన్ని పదేళ్లుగా హాయిగా మీట నొక్కి ఊదేశాను. అది స్వరమే, కాదనను.

పియానో అమ్మాయి మొదటి పది నిమిషాలు పెద్దగా మాట్లాడలేదు. తర్వాత, "నీ మధ్యమం నా దాంతో కలవట్లేదు, నేనేం చెయ్యను?" అంది. పియానో స్వరాలు కదలవు కదా. నేనే చేతితో సర్దుకోవాలి. వయొలిన్ ఆయన మాత్రం నా కాగితాల మీదికి వంగి, పెన్సిల్‌తో రాసుకున్న అక్షరాల్ని చూపించి ఏమిటవి అన్నాడు. ప్రమాదకరమైన చోటల్లా నేను తెలుగులో 'జాగ్రత్త' అని రాసుకుంటాను. స్కూలు రోజుల అలవాటు. అర్థం చెప్పాను. "ఇన్నిచోట్లా?" అన్నాడు.

మూడో రోజు

మోజార్ట్ క్వింటెట్, పొద్దున కచేరీ, రెండు వందల ఏళ్ల నాటి చెక్క చర్చిలో. చెక్క గోడలు కొమ్ముకి మంచి నేస్తాలు. రాతి కట్టడంలో స్వరం తిరిగి తిరిగి వచ్చి తన మీద తనే పడుతుంది. ఇక్కడ ఊదినంత వింటుంది, ఆపితే ఆగుతుంది.

1782లో మోజార్ట్ దీన్ని ఇగ్నాజ్ లాయిట్‌గెబ్ అనే హార్న్ వాద్యకారుడి కోసం రాశాడు. ఈయనను జోసెఫ్ అని కూడా పిలుస్తారు. అప్పటికి ఆయనకి యాభై, మోజార్ట్‌కి ఇరవయ్యారు. ఇద్దరి మధ్యా బావామరదుల సరసం లాంటిదేదో ఉండేది. మరుసటి ఏడు ఒక కన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రా ముందు ఒక్కరు వాయించేది, రాసిచ్చి, గాడిద, ఎద్దు, మూర్ఖుడు అయిన లాయిట్‌గెబ్ మీద జాలిపడి రాశానని పైన రాశాడు. ఇంత తిట్టించుకున్న మనిషి ఎంత బాగా ఊదేవాడో ఆ స్వరాలు చూస్తే తెలుస్తుంది. చేతకానివాడికి ఎవరూ అలా రాయరు. క్వింటెట్‌లో ఇంకో తమాషా: మామూలుగా రెండు వయొలిన్లు ఉండాల్సిన చోట ఒకటే వయొలిన్, రెండు వయోలాలు. నడిమి గొంతులు ఎక్కువ కావడంతో కొమ్ముకి మెత్తటి పరుపు వేసినట్టుంటుంది.

బాగానే జరిగింది. చివరి భాగంలో ఒకచోట పక్కమెట్టు మీద కాలేసి జారాను. చర్చిలో ముందువరసలో కూర్చున్న పెద్దాయన చిన్నగా తలూపాడు, 'పర్లేదులే' అన్నట్టు.

సాయంత్రం పెద్దావిడ సౌనా వేసింది. నిప్పుల గదిలో చెమట కక్కి, సరస్సులో దూకి, మళ్లీ నిప్పుల గదిలోకి. మూడోసారి బయటికొచ్చి చెక్కమెట్ల మీద కూర్చున్నాను. నీళ్లు కదలడం లేదు. ఇంత ప్రశాంతత ఎప్పుడూ చూడలేదు అనుకుంటున్నంతలో దోమ. చేత్తో కొట్టేలోపు పని కానిచ్చుకుని పోయింది. కుట్టింది ఎక్కడో చెప్పనా? పై పెదవి మీద, సరిగ్గా మధ్యలో.

నాలుగో రోజు

పొద్దున అద్దంలో పై పెదవి రేగుపండులా ఉంది.

హార్న్ మౌత్‌పీస్ అంచు పెదవి మీద ఎక్కడ ఆనుతుందో అది మా ఆస్తి. అక్కడ చిన్న పొక్కు లేస్తేనే నిద్ర పట్టదు. రేపు సాయంత్రం బ్రామ్స్. మందుల షాపులో అమ్మాయి మలాం ఇచ్చింది. పెద్దావిడ ఐసు ముక్కలు గుడ్డలో కట్టి ఇచ్చింది. అమ్మ ఫోన్లో, "పసుపు పెట్టు" అంది. "పసుపు పూసుకుని స్టేజీ ఎక్కమంటావా?" అంటే, "ఎక్కితే ఏమైందిప్పుడు" అంది. ఉత్సవం వాళ్లకి కబురు పెట్టాను. బ్రామ్స్ వేళ మార్చాలా అని వాళ్లే మర్యాదగా అడిగారు. వద్దన్నాను. ఎందుకన్నానో సాయంత్రం దాకా నాకే తెలియలేదు. నిజం చెప్పాలంటే టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

ఊదకూడదు కనుక ఊరు చూశాను. యుమిన్‌కెకో అని కలేవల కేంద్రం ఉంది. కలేవల ఫిన్లాండ్ వాళ్ల ఇతిహాసం. ఎలియాస్ లొన్‌రోట్ అనే వైద్యుడు ఈ చుట్టుపక్కల, సరిహద్దు అవతలి కరేలియాలో తిరిగి పల్లెజనం పాడే పాటలు రాసుకుని, వాటిని కూర్చి 1835లో కలేవల వేశాడు. 1849లో ఇంకా పెంచాడు. ఆయన కాపురం కయానీలో. మనం దిగిన స్టేషన్. పాదానికి ఎనిమిది అక్షరాల పాటలు, గంటల తరబడి. మన పల్లె పాటలకి అలవాటు పడిన చెవికి ఇది కొత్తగా అనిపించలేదు.

మధ్యాహ్నం ఇంటికొస్తే, పెద్దావిడ గోడ మీది వస్తువొకటి దించి నా చేతిలో పెట్టింది. బర్చ్ చెట్టు బెరడు పట్టీలుగా కోసి, గరాటులా మెలితిప్పి చుట్టిన బూర. తువోహితోర్వి. తువోహి అంటే బెరడు, తోర్వి అంటే కొమ్ము. ఆవిడ తాతలనాడు పశువుల కాపర్లు అడవిలో వీటిని ఊదేవారట. మందని పిలవడానికి, ఎలుగుబంట్లు దూరంగా ఉండడానికి. ఇక్కడి అడవిలో ఎలుగులు ఇప్పటికీ ఉన్నాయి. ఆవిడే ముందు ఊదింది. పెదవులు పెట్టగానే నాలుగు స్వరాలు వచ్చాయి. నాలుగోది ఏడో మెట్టు, అదే కిందికి జారిన నిషాదం.

పెదవి సంగతి మర్చిపోయి నేనూ అందుకున్నాను. మౌత్‌పీస్ అంచు పల్చటి బెరడు కదా, వాచినచోట కాకుండా పక్కగా పెట్టి ఊదాను. వచ్చింది! రెండు వేళ్ల మందం పక్కకి జరిపినా కొమ్ము పలుకుతుంది. మా టీచరు వింటే కొడతాడు. కానీ మధ్యలో పెట్టాలన్నది శాస్త్రం, పక్కన పెట్టి ఊదినవాళ్లూ చరిత్రలో ఉన్నారు. ఆ సాయంత్రం మలాం రాసుకుని, నేచురల్ హార్న్‌ని పెదవి ఎడమవైపు పెట్టి, అరగంట మెల్లగా ఊదాను. పై స్వరాలు సన్నబడ్డాయి. కింది స్వరాలు ఉన్నాయి.

ఐదో రోజు

బ్రామ్స్ కచేరీ కుహ్మో-తాలో అనే భవనంలోని లెంతువా హాల్లో. లెంతువా దగ్గర్లోని సరస్సు పేరు. 1993లో కట్టారు, ఆరు వందల యాభై పైచిలుకు కుర్చీలు, లోపలంతా చెక్క. ఇలాంటి హాలు మా ఊళ్లో ఉంటే నేను జీతం తగ్గించుకునైనా వాయిస్తాను.

వాపు సగం తగ్గింది. సగం ఉంది. స్టేజీ పక్కన నిలబడి ఉంటే వయొలిన్ ఆయన వచ్చి, "పై స్వరాలు రాకపోతే రానివ్వు. నేను కిందికి వస్తాను" అన్నాడు. ఏం మాట అది! వయొలిన్ వాడు హార్న్ కోసం గొంతు తగ్గించుకోవడం నా ఉద్యోగంలో నేను చూడలేదు.

మొదటి భాగం వయొలిన్ ఎత్తుకుని, ఆ పాటనే కొమ్ముకి అందిస్తుంది. మూసిన స్వరం, తెరిచిన స్వరం, మూసినది. నిన్నటిదాకా ఆ తేడాలు వినబడకుండా దాచాలని అరచెయ్యితో నానా తంటాలూ పడేదాన్ని. ఈవేళ పెదవికి అంత ఓపిక లేదు. దాచడం మానేశాను. పాటలో మబ్బు కమ్మడం, విడవడం హాల్లో నాకే వినబడింది. పియానో అమ్మాయి కూడా నా మూసిన స్వరాల దగ్గర పెడల్ తగ్గించి వాయిస్తోంది. ఎవరూ చెప్పలేదు, ఆమెకే తోచింది.

రెండో భాగం స్కెర్ట్సో, వేగంగా దూకేది. అందులో రెండు స్వరాలు పగిలాయి. రెండూ 'జాగ్రత్త' రాసుకున్న చోట్లే.

అడాజియో పియానో ఒంటరిగా మొదలవుతుంది, అడుగు స్వరాల్లో. నడుమ ఒకచోట మిగతా ఇద్దరూ ఆగిపోయి కొమ్ము తనొక్కతే ఎత్తుకోవాలి, ఉందా లేదా అన్నంత మెల్లగా. బాగున్న పెదవితోనే గుండె ఆగే చోటు. ఊపిరి తీసుకున్నాను. మొదటి స్వరం గాలి గాలిగా వచ్చింది, గొంతులో తడి ఉన్న మనిషి మాట మొదలుపెట్టినట్టు. బాగు చేద్దామనుకునేలోపే రెండోది వచ్చేసింది. ఇంక అలాగే వెళ్లాను. వయొలిన్ అందుకున్నప్పుడు ఆయన కూడా కమాను తేలిగ్గా పట్టి, అదే గాలిగొంతుతో అందుకున్నాడు.

నాలుగో భాగం వేట పాట. దూకుడు. అది ఎలా గడిచిందో గుర్తులేదు. చప్పట్లు చాలాసేపు కొట్టారు. ఎవరూ లేచి నిలబడలేదు, పాదాలతో నేల తట్టారు. చెక్క నేల కదా, హాలంతా దడదడలాడింది.

ఆరో రోజు

వాన. రోజంతా నిద్ర. లేచి రొంట్టొనెన్ తిన్నాను. ఇది కైనూ వైపు, అంటే ఈ ప్రాంతపు, పిండివంట. రై పిండిని చిన్న గిన్నెలా చేసి, అందులో ఉడికించిన బంగాళాదుంప, లింగన్‌బెర్రీలు పెట్టి కాలుస్తారు. తియ్యగా, పుల్లగా ఉంటుంది. నాలుగు తిన్నాను. బడి కారిడార్‌లో ఒక విద్యార్థి తలుపు వేసుకుని సలోనెన్ రాసిన హార్న్ ఎతూద్, అంటే అభ్యాస రచన, సాధన చేస్తున్నాడు. ఎసా-పెక్కా సలోనెన్ పెద్ద కండక్టర్‌గానే లోకానికి తెలుసు గానీ, చదువుకున్నది హార్న్. హోల్గర్ ఫ్రాన్స్‌మన్ అనే హార్న్ గురువు శిష్యుడు. ఆ పిల్లాడు ఒకే వరసని ఇరవైసార్లు తప్పాడు. ఇరవై ఒకటోసారి వచ్చింది. తలుపు కొట్టి శభాష్ అందామనుకున్నాను. మళ్లీ తప్పుతాడేమోనని ఊరుకున్నాను.

ఏడో రోజు

లిగెటి రాత్రి పది గంటలకి. బయట ఇంకా ఎండే.

గ్యోర్గి లిగెటి తన హార్న్ ట్రియోని 1982లో రాశాడు, బ్రామ్స్ 150వ జయంతి దగ్గరపడుతుండగా. పైన 'బ్రామ్స్‌కి నివాళి' అని పెట్టాడు. వినేవాళ్లకి బ్రామ్స్ ఎక్కడా కనబడడు. కనబడేది బేథోవెన్: 'వీడ్కోలు' పియానో సొనాటా మొదట్లో మూడు స్వరగుచ్ఛాల మీద ఆయన జర్మన్‌లో 'లే-బె-వోల్' (వీడ్కోలు) అని మూడు ముక్కలుగా రాశాడే, రెండు కొమ్ములు జంటగా ఊదే ఆ పాత వేట వరస. దాన్ని లిగెటి వంకర తిప్పి వయొలిన్‌కి ఇచ్చాడు. మొదటి పేజీలోనే, పాత అద్దంలో చూసుకున్నట్టు, తెలిసిన ముఖం సాగిపోయి కనిపిస్తుంది.

నా డబుల్ హార్న్ బయటికి తీశాను. వాల్వులున్నదే కావాలన్నాడు లిగెటి. అయితే ఏం చేశాడంటే, ఒక్కో వాల్వు నొక్కి పట్టించి, ఆ గొట్టం పొడవుకి సహజంగా వచ్చే మెట్ల మీదే నడిపిస్తాడు. ఆ ఏడో మెట్టు, ఆ పదకొండో మెట్టు వచ్చినచోట సరిదిద్దొద్దంటాడు. రెండు వందల ఏళ్లు మేం చేత్తో మూసి, వాల్వులు బిగించి, తరిమి తరిమి కొట్టిన స్వరాలు! పియానో తన లెక్కలో తను, నేను పక్కనే ఆ లెక్కకి అందని చోట. నాలుగో రోజు పెద్దావిడ బెరడు బూరలో విన్న నిషాదం ఇక్కడ పేజీ మీద అచ్చయి ఉంది. రిహార్సల్‌లో ఈ ముక్క చెబితే వయొలిన్ ఆయన, "లిగెటి మావాడే, ట్రాన్సిల్వేనియాలో పుట్టాడు. అక్కడ కొండల్లో ఇలాంటి స్వరాలు పాడతారు" అన్నాడు. మా అమ్మమ్మ ఊళ్లో కూడా ఊదుతారన్నాను.

రెండో భాగం వల్ల మాత్రం మొదటిరోజు నుంచీ ముగ్గురం కొట్టుకున్నాం. ఎనిమిది దెబ్బలు, మూడు, మూడు, రెండుగా విరిచి, పరుగో పరుగు. బాల్కన్ నాట్యాల నడక. పియానో ఎడమచెయ్యి దాన్నే తిప్పుతూ ఉంటుంది, పైన మేమిద్దరం దానికి అడ్డంగా. ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడితే ఎవరో ఒకరం జారిపోయేవాళ్లం. రెండో రిహార్సల్‌లో విసుగొచ్చి నేను బల్ల మీద చేత్తో కొడుతూ, "తకిట తకిట తక, తకిట తకిట తక" అన్నాను. చిన్నప్పుడు పక్కింట్లో మృదంగం పాఠం గోడ అవతల నుంచి వినేదాన్ని, అంతే నా విద్వత్తు. పియానో అమ్మాయి ఆగిపోయి, "ఇంకోసారి అను" అంది. అక్కణ్ణించి ముగ్గురం మనసులో అదే అనుకుంటూ వాయించాం. కచేరీలో ఆమె పెదవులు కదలడం నాకు కనబడింది.

చివరి భాగం విలాపం. ఏడుపు దిగుతూ దిగుతూ పోతుంది. ఆఖర్న వయొలిన్ అందనంత పైన సన్నటి తీగలా మిగులుతుంది, కొమ్ము అందనంత కింద. ఆ కింది స్వరాలు పలకడానికి పెదవి దాదాపు వేలాడేయాలి. పై పెదవి వాపు ఇంకా పూర్తిగా పోలేదు. దానికి ఇది పండగ! పదిహేనేళ్లుగా ఆర్కెస్ట్రాలో అడుగున కూర్చుని పలికించిన స్వరాలు, ఇక్కడ వాటి కింద ఎవరూ లేరు, చుట్టూ ఎవరూ లేరు. హాలు మొత్తం వాటికోసం ఊపిరి బిగబట్టింది.

బేథోవెన్ హార్న్ సొనాటా రాసింది జొవాన్ని పుంతో కోసం. ఆయనా కింది స్వరాల కొమ్మే. 1800లో ఇద్దరూ కలిసి బుడా వెళ్లి వాయిస్తే, పుంతో మనకు తెలుసు, ఈ బేథోవెన్ ఎవరు అని ఒక పత్రిక అడిగింది. ఈ కథ మా సెకండ్ హార్న్ వాళ్లందరికీ కంఠతా వచ్చు. ఎక్కడ సందు దొరికినా చెబుతాం, ఇప్పుడు చెప్పినట్టే.

పెద్దావిడ ఆ రాత్రి కచేరీకి వచ్చింది. ఇంటికి నడిచొస్తుంటే, కావలసిన ఇంగ్లీషు మాటలు చాలాసేపు వెతుక్కుని, "చివరి స్వరం. చెప్పులో తెలిసింది. చలిపొద్దున మా ఆయన పడవ మోటారు" అంది.

ఎనిమిదో రోజు

పొద్దున బస్సు. పెద్దావిడ క్లౌడ్‌బెర్రీ జామ్ సీసా, రెండు రొంట్టొనెన్‌లు ఇచ్చింది. నేను బదులుగా ఏమివ్వాలో తెలియక, తెచ్చుకున్న చింతకాయ పచ్చడి సగం సీసా ఇచ్చాను. బ్రెడ్ మీద రాసుకుంటానంది. ఎంత రాసుకోవాలో వేలు చివర చూపించి మరీ చెప్పాను.

బస్టాపు దగ్గర వయొలిన్ ఆయన. ఆయనకి ఇంకో వారం కచేరీలున్నాయి, నాకు వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. మళ్లీ నవంబరులో బుడాపెస్ట్‌లో ఈ ట్రియోనే వాయిద్దామా అన్నాడు. సెలవు దొరికితే అన్నాను. బస్సు కదిలాక ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. లిగెటి రెండో భాగం, ఆయన వయొలిన్ కాగితం. మధ్యలో పెన్సిల్‌తో, అక్షరాలు గీయడం రానివాడి ఓపికతో, 'జాగ్రత్త' అని రాసుకున్నాడు. గ కింద రావత్తు అటువైపు తిరగాల్సింది ఇటువైపు తిరిగింది.